వైకింగ్స్ గెలుపు వెనక 2022 ఒక్కటే లేదు

2022లో యూరోపియన్ లీగ్ ఆఫ్ ఫుట్‌బాల్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్‌లో అడుగుపెట్టిన ఆస్ట్రియా జట్టు వియన్నా వైకింగ్స్ తొలి సీజన్‌లోనే కప్పు కొట్టడం అద్భుతం అని మీ వ్యాసంలో రాశారు. ఆ గెలుపు నాకూ ఎంతో ఇష్టం. క్లాగెన్‌ఫర్ట్ ఫైనల్లో హాంబర్గ్ సీ డెవిల్స్‌ను 27-15తో ఓడించారు. పాపం హాంబర్గ్‌కు వరుసగా అది రెండో ఫైనల్ ఓటమి.

కానీ వైకింగ్స్ లీగ్‌కు కొత్త గానీ ఆటకు కాదు. ఆ క్లబ్ 1983లో పుట్టింది. 2004 నుంచి 2007 వరకు వరుసగా నాలుగుసార్లు యూరప్ క్లబ్బుల టోర్నీ యూరోబౌల్ గెలిచింది. ఇది ఎందుకు ముఖ్యమంటే, ఈ లీగ్‌లో ఒక్కో జట్టు మైదానంలో ఒకేసారి ఇద్దరు అమెరికన్లనే ఆడించగలిగేది. బంతి విసిరి దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్‌గా ఒక అమెరికన్ దిగితే ఇంకొక్క అమెరికన్‌కే చోటు. ఆ క్వార్టర్‌బ్యాక్‌కు ముందు నిలబడి దెబ్బలు కాచే ఐదుగురు లైన్‌మెన్‌లో దాదాపు అందరూ అమెరికన్లు కానివాళ్లే అయి ఉండాల్సి వచ్చేది. అలాంటివాళ్లను ఒక్క వేసవిలో తయారు చేయలేం. కుర్రాళ్ల జట్ల నుంచి ఏళ్ల తరబడి సానబెట్టాలి. వైకింగ్స్ దగ్గర వాళ్లు అప్పటికే ఉన్నారు.

అదే ఏడాది చేరిన ఇస్తాంబుల్ రామ్స్ 12 మ్యాచ్‌లూ ఓడి, ఆ ఒక్క సీజన్‌తోనే వెళ్లిపోయింది. నిజానికి నాకు బాధగా ఉన్నది వాళ్ల గురించే. ఒక్క గెలుపు లేకపోయినా చివరి మ్యాచ్ దాకా బరిలో నిలిచిన ఆ ఆటగాళ్ల గురించి కూడా ఒక వ్యాసం రాయండి, ప్లీజ్.