సన్మానాలు సరే, ఆటలేవీ?

నాటక సమాజం నడిపిన సురభి బాబ్జీ గారికి 2013లో పద్మశ్రీ ఇచ్చారు. ఇంకా ముందే ఇవ్వాల్సింది, అది వేరే సంగతి. 2022 జూన్‌లో ఆయన పోయినప్పుడు గొప్ప నటుడు, గొప్ప దర్శకుడు అని అందరూ రాశారు. అందులో తప్పేమీ లేదుగానీ ఆయన చేసిన పనిలో సగమే అది. రెండో సగం తెర లేవకముందు, తెర దించాక ఉండేది. లారీ మాట్లాడటం, హాలు అద్దె దగ్గర బేరమాడటం, యాభై అరవై మందికి రెండు పూటలా భోజనం, మకాం మారిన ప్రతిసారీ పిల్లల చదువుల గొడవ, వానకి తడిసిన తెరలకి మళ్లీ రంగులు, ఈ నెల టికెట్లు తెగకపోతే అప్పు ఎవర్ని అడగాలి అనే టెన్షన్. పెద్ద నగరాల నాటకరంగంలో దర్శకుడు వేరు, డబ్బు పెట్టే నిర్మాత వేరు. సురభిలో ఆ ఇద్దరూ ఒకే మనిషి, అవసరమైతే రాత్రికి మొహానికి రంగు వేసుకుని వేషం కట్టేదీ ఆ మనిషే.

ఆయన అసలు పేరు రేకందార్ నాగేశ్వరరావు. సురభి అంటే ఒక్క నాటక సమాజం అనుకుంటారు చాలామంది, నిజానికి అది ఒక పెద్ద చుట్టరికం. మహారాష్ట్ర వైపు నుంచి వచ్చి తోలుబొమ్మలాడుకునే కుటుంబాలు కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో కీచకవధ నాటకం వేశాయి. వనారస గోవిందరావు గారు దానికి ఆద్యుడు. ఊరి పేరే ఇంటిపేరైంది. మిగతా చోట్ల మగవాళ్లే మీసాలు తీయించుకుని ద్రౌపది వేషాలు కడుతున్న రోజుల్లో వీళ్ల ఇంటి ఆడవాళ్లు స్టేజీ ఎక్కారు. కుటుంబాలు పెరిగినకొద్దీ సమాజాలు పెరిగి, ఒక దశలో ముప్పైకి పైగా అయ్యాయి. ఇప్పుడు నిలబడి ఆడుతున్నవి ఒక చేతివేళ్లకి సరిపోతాయి.

ఎందుకు తగ్గాయో అందరికీ తెలిసిందే, సినిమా. అందులో ఒక చిత్రమైన సంగతి ఉంది. తెలుగులో మొదటి టాకీ భక్త ప్రహ్లాద సురభి వాళ్లు ఆడే నాటకం మీదే తీశారు, లీలావతి వేషం సురభి కమలాబాయి గారిదే. అంటే టాకీకి కథా, నటులూ ఇచ్చి పంపింది వీళ్లే, ఆ టాకీ ఊరూరా హాళ్లు పట్టేస్తే డేరాలు విప్పుకుని పోయిందీ వీళ్లే.

అలా జనం హాళ్లవైపు మళ్లుతున్న కాలంలో, 1937లో మొదలైంది బాబ్జీ గారి కుటుంబం నడిపే శ్రీ వేంకటేశ్వర నాట్యమండలి. ఆయన అందులోనే పుట్టి పెరిగాడు. సురభి పిల్లలకి నాటకాల స్కూలు వేరే ఉండదు. నడక రాగానే ప్రహ్లాదుడు, కృష్ణుడు, లవుడో కుశుడో. కాస్త ఎదిగాక తెర వెనక తాళ్లు పట్టుకోవడం. ఆ తాళ్ల దగ్గరే దర్శకత్వం అబ్బుతుంది. మాయాబజార్, పాతాళభైరవి చూసినవాళ్లకి గుర్తుండేవి ఆకాశంలోంచి దిగే నారదుడు, ఎగిరే మాంత్రికుడు, నడి స్టేజీలో ఎదురెదురుగా వచ్చి ఢీకొని నిప్పులు రాల్చే బాణాలు. ఆ బాణాల సంగతే చూడండి. స్టేజీకి రెండు వైపులా పక్క తెరల చాటున ఇద్దరు, మధ్యన చూపుకి ఆనని సన్నటి తీగ, హార్మోనియం మీద పద్యం ఏ అక్షరం దగ్గర ఆగుతుందో అక్కడే ఇద్దరూ ఒకేసారి వదలాలి. ఒకడు రెప్పపాటు ఆలస్యం చేస్తే హాలంతా నవ్వుతుంది. కంప్యూటర్ లేదు, రెండో టేక్ లేదు. తీగ లాగే ఆ కుర్రాడే వచ్చే సీన్‌లో రాక్షసుడు కాబట్టి కిరీటం చంకలో పెట్టుకుని నిలబడతాడు. ఇంతమందిని ఇంత లయలో నడిపినవాణ్ణి దర్శకుడు అనడానికి ఎవరి సర్టిఫికెట్టూ అక్కర్లేదు.

అయితే ఆయన తనకొచ్చిన విద్యతోనే సరిపెట్టుకోలేదు, మాకు ఆయనలో బాగా నచ్చేది ఇది. 1990ల్లో బి.వి. కారంత్ గారు సురభికి వచ్చారు. అప్పటికే జాతీయ నాటక పాఠశాలకి డైరెక్టర్‌గా చేసిన మనిషి, కన్నడ రంగస్థలంలో పెద్ద దిక్కు. వందేళ్ల అలవాటున్న కుటుంబం ఒక బయటి దర్శకుడి ముందు కూర్చుని మళ్లీ మొదటినుంచి నేర్చుకోవడం మాటలు కాదు. భీష్మ, చండీప్రియ వచ్చాయి, జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ నాటకం బస్తీ దేవత యాదమ్మ అయి హైదరాబాద్ గల్లీ భాష మాట్లాడింది. ఆ ప్రయోగాలు పేరు తెచ్చాయి. కానీ రోజువారీ పొయ్యి వెలిగించింది మాత్రం మళ్లీ మాయాబజారే. దర్శకుడి మనసు ఒకవైపు, నిర్మాత లెక్కల పుస్తకం ఇంకోవైపు లాగుతుంటే ఆయన రెండింటినీ వదల్లేదు. కొత్తవి వేశాడు, పాతవి ఆపలేదు. పౌరాణికాలే పట్టుకు వేలాడుతున్నారని ఏసీ హాల్లో కూర్చుని విమర్శించేవాళ్లు ఒక్క నెల ఆ లెక్క చూస్తే బాగుండు.

హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని లలిత కళాతోరణంలో సురభి ఆటలు చూసిన తరం ఇంకా మన మధ్య ఉంది. శేరిలింగంపల్లిలో సురభి కాలనీ ఉంది. ఫ్రాన్స్ దాకా వెళ్లి ఆడొచ్చారు. ఆ తర్వాత కరోనా వచ్చింది, ఆ రోజుల్లో తెర పూర్తిగా పడిపోయింది. సినిమా వాళ్లకి ఓటీటీ ఉంది, నాటకానికి జనం ఎదురుగా కూర్చోవాలి, ఇంకో దారి లేదు.

ఇప్పుడు ప్రభుత్వాల సంగతి. ఏమీ చేయలేదని అనం. కేంద్రం గురుశిష్య పరంపర పథకం కింద నాటక బృందాలకి రెపర్టరీ గ్రాంట్లు ఇస్తుంది, గురువుకి నెలకి గరిష్ఠంగా 15,000 రూపాయలు, పెద్ద శిష్యుడికి 10,000. అవార్డులున్నాయి, శాలువాలున్నాయి, ఏటా ఏప్రిల్ 16న కందుకూరి వీరేశలింగం గారి జయంతిని నాటకరంగ దినోత్సవంగా జరపడం ఉంది. కానీ నాటక సమాజానికి కావాల్సింది ముందు ఆటలు. ఏడాదికి ఇన్ని రాత్రులు ఖాయం అని తెలిస్తే సమాజం యజమాని కొత్త తెర రాయించగలడు, కొడుకుని ఇందులోనే ఉండరా అని ధైర్యంగా చెప్పగలడు. అది తెలియకపోతే ఆ కొడుకు ఏ సీరియల్‌కో, ఏ సెక్యూరిటీ ఉద్యోగానికో పోతాడు, పోతే తప్పు పట్టడానికి మనమెవరం?

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ జిల్లా కేంద్రాల్లో ప్రభుత్వ ఆడిటోరియాలున్నాయి. వాటిలో చాలా భాగం సభలకీ, సమావేశాలకీ తప్ప తెరవరు. వాటిని సురభి సమాజాలకి అద్దె లేకుండా వరసగా వారం, పది రోజులు ఇవ్వడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు, ఒక జీవో చాలు. పగటి ఆటకి బడిపిల్లల్ని తీసుకురండి, వాళ్ల టికెట్ డబ్బు విద్యాశాఖ కట్టనివ్వండి. అంత ఎత్తున తీగకి వేలాడే నటుడికి, తాడు పట్టుకునే మనిషికి ప్రమాద బీమా చేయించండి. గ్రాంటు ఏ నెలది ఆ నెల ఇవ్వండి, ఎందుకంటే బియ్యం కొట్టువాడు ఆర్థిక సంవత్సరం చివరిదాకా ఆగడు.

ఇంత అడిగాక మన సంగతీ ఒకటుంది. సినిమా మొదటి రోజు టికెట్‌కి ఎంతైనా పెట్టే మనం నాటకం అనగానే పాసులున్నాయా అని అడుగుతాం. అధికారులు అడుగుతారు, నాయకులు అడుగుతారు, ముందు రెండు వరసలూ ఎప్పుడూ పాసుల వాళ్లవే, వాళ్లలో సగంమంది మధ్యలో లేచిపోతారు. వెనక బెంచీలో టికెట్ కొనుక్కుని కూర్చున్న ముసలాయన మాత్రం మంగళహారతి దాకా కదలడు. బాబ్జీ గారు సమాజాన్ని నడిపింది ఆ వెనక బెంచీ డబ్బుతోనే.