నరుటో పాట ఒక్కటేనా?

జపాన్ రాక్ బ్యాండ్ ఏషియన్ కుంగ్-ఫూ జనరేషన్ పేరెత్తితే చాలు, "ఆ నరుటో యానిమే పాట వాళ్లేగా" అంటారు. అంతేనా? ఆ పాట 'హరుకా కనాటా' బాగుంటుంది, కాదనను, కానీ 2003లో వచ్చిన తొలి పూర్తి ఆల్బమ్ 'కిమి త్సునాగి ఫైవ్ ఎం'లో ఆ పాటే లేదు! ఆ ఆల్బమ్‌ని వినేదెవరు? విన్నవాళ్లేమో "సౌండ్ పచ్చిగా ఉంది, రెండో ఆల్బమే బెస్ట్" అని తీర్పు చెప్పేస్తారు. ఆ పచ్చిదనమే కదా దాని ప్రాణం! గాయకుడు గోటో గొంతు చించుకుని పాడుతుంటే రెండు గిటార్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి. పైగా ఫ్రీ యాప్‌లో, అదీ షఫుల్‌లో వింటారు! మొదటి పాట 'ఫ్లాష్‌బ్యాక్' ఊపిరి తీసుకోనివ్వకుండా రెండో పాటలోకి దూకుతుంది, సరిగ్గా అక్కడ యాడ్ మోగితే ఒళ్లు మండదా? ఉన్నవి 12 పాటలు, ఒక్కసారి వరసగా వినడానికి ఏం రోగం?