మాంద్యంలో చిన్న ఉద్యోగమైనా చేరడమే మేలు

2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో 2 శాతం మందిని, అంటే 12 వేల మందికి పైగా తొలగిస్తామని ప్రకటించింది. ఆ వార్తకు హైదరాబాద్‌లో పనిచేసేవాళ్లు ఎంత టెన్షన్ పడ్డారో, ఇంకా ఉద్యోగమే రాని హనుమకొండ పిల్లలూ అంతే పడ్డారు. అది అనవసర భయమేమీ కాదు. మార్కెట్ మందగిస్తే కంపెనీలు ముందుగా ఆపేది కొత్తవాళ్ల నియామకాన్నే. క్యాంపస్‌లకు రావడం తగ్గిస్తాయి. ఆఫర్ లెటర్ ఇచ్చినవాళ్లకు జాయినింగ్ తేదీని నెలనెలా జరుపుతూ పోతాయి. ఇవేవీ పేపర్లో పెద్ద అక్షరాలతో రావు. నిట్‌లో చదివినవాళ్లకు ప్యాకేజీ కొంత తగ్గుతుందేమో గానీ, ఊరి చివర మామూలు కాలేజీలో బీటెక్ చేసినవాళ్లకు ఒక్క డ్రైవ్ కూడా లేకుండా ఏడాది గడిచిపోతుంది.

ఇందులో ఆ పిల్లల తప్పు లేదు. 2008 సెప్టెంబరులో అమెరికాలో లేమన్ బ్రదర్స్ దివాలా తీసింది. 2009 జనవరిలో ఇక్కడ సత్యం కుంభకోణం బయటపడింది. ఆ వేసవిలో కాలేజీ నుంచి బయటికొచ్చిన బ్యాచ్, రెండేళ్ల ముందు బ్యాచ్ కంటే ఎందులో తక్కువ? అవే క్లాసులు, అవే సార్లు, దాదాపు అవే మార్కులు. పుట్టిన సంవత్సరమే తేడా. ఉద్యోగం రాని కొడుకును, కూతురిని పెళ్లిళ్లలో, ఫంక్షన్లలో పదిమంది ముందు నిలదీసే పెద్దలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఈ దెబ్బ ఎంతకాలం ఉంటుందో ఆర్థికవేత్తలు లెక్క కట్టారు. 1970ల చివరి నుంచి 1990ల మధ్య దాకా కెనడాలో డిగ్రీలు పూర్తి చేసినవాళ్ల జీతాలను ఏళ్ల తరబడి పరిశీలించిన ఒక అధ్యయనం 2012లో అచ్చయింది. మాంద్యంలో బయటికొచ్చిన బ్యాచ్‌ల జీతాలు మొదట్లో దాదాపు 9 శాతం తగ్గాయి. ఆ లోటు పూడడానికి పదేళ్ల దాకా పట్టింది. నాకు ఇందులో ముఖ్యంగా కనిపించింది వాళ్లు కోలుకున్న తీరు. దొరికిన చిన్న కంపెనీలో చేరి, పరిస్థితి మెరుగుపడుతున్న కొద్దీ మంచి కంపెనీలకు మారుతూ పోయినవాళ్లు త్వరగా తేరుకున్నారు. కెనడా అంకెలు కాజీపేటకు అతకవు, నిజమే. అయినా దారి మాత్రం ఇక్కడా అదే అని నా నమ్మకం. చిన్నదైనా పనిలో చేరాలి, చేస్తూనే వెతకాలి.

అలాగని ఏ పని దొరికితే అందులో పడిపొమ్మని అనడం లేదు. జీతం బ్యాంకు ఖాతాలో పడాలి. పీఎఫ్ కడితే ఇంకా మంచిది. రేపు ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి పనికొచ్చేదేదో అక్కడ నేర్చుకోవాలి. ఈ మూడింటిలో ఒక్కటీ లేని చోట ఆరు నెలలు ఉన్నా, ఇంట్లో ఉన్నా ఒకటే. పీఎఫ్ మాట ఎందుకంటే, చాలా కంపెనీలు ఇప్పుడు యూఏఎన్ అనే పీఎఫ్ ఖాతా నంబరుతో పాత ఉద్యోగాల చిట్టా మొత్తం చూస్తున్నాయి. అమీర్‌పేటలో లక్షలు పోసి ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టుకున్నవాళ్లు దొరికిపోతున్నది ఎక్కువగా అక్కడే. దొరికితే ఆ ఉద్యోగమూ పోతుంది, అప్పు మాత్రం మిగులుతుంది.

మన పిల్లలు తాము చేసిన పనిని తామే దాచుకుంటున్నారు. పరకాల వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయి రెజ్యూమె చూశాను. ఎలక్ట్రానిక్స్‌లో బీటెక్. మొదట్లో 'కష్టపడే స్వభావం', 'టీమ్‌తో కలిసి పనిచేయగలను' అన్న వాక్యాలు, ఆ కింద ఇంటర్నెట్ నుంచి దించిన ప్రాజెక్టు పేరు. పాసై రెండేళ్లయింది. ఈ రెండేళ్లు ఏం చేశావని అడిగితే, ఖాళీగానే ఉన్నానన్నాడు. కాసేపు మాట్లాడాక తెలిసింది, వాళ్ల మామ ఎరువుల షాపు లెక్కలన్నీ తనే చూస్తున్నాడని. యూరియా బస్తా అమ్మినప్పుడల్లా రైతు ఆధార్‌తో పాస్ మిషన్‌లో ఎంట్రీ వేయాలి. మిషన్‌లో ఉన్న స్టాకూ గోదాములో ఉన్న బస్తాలూ సాయంత్రానికి సరిపోవాలి. తేడా వస్తే తనిఖీకొచ్చిన అధికారులకు జవాబు చెప్పుకోవాలి. బిల్లులు ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించి జీఎస్టీకి సిద్ధం చేస్తున్నాడు. ఉద్దెర మీద తీసుకెళ్లిన రైతులు పత్తి అమ్ముకుని వచ్చాక ఎవరు ఎంత కట్టారో, ఇంకా ఎంత బాకీ ఉందో ఎక్సెల్‌లో రాసి పెడుతున్నాడు.

"ఇదంతా రెజ్యూమెలో ఎందుకు రాయలేదు?" అంటే, "అది జాబ్ కాదు కద సార్, మా మామ షాపు. రాస్తే నవ్వుతరని రాయలే" అన్నాడు.

ఎవరూ నవ్వరు. పురుగుమందుల కంపెనీలకు, గోదాముల నిర్వాహకులకు, పత్తి, మిర్చి కొనే వ్యాపారులకు సరిగ్గా ఇలాంటి మనిషే కావాలి. వరంగల్ ఏనుమాముల వ్యవసాయ మార్కెట్ చుట్టూ నడిచే వ్యాపారమంతా స్టాకు, బిల్లు, బాకీ మీదే కదా. అతను కూర్చుని రాసుకోవాల్సింది ఎన్ని బస్తాల స్టాకు చూశాడో, ఎంతమంది రైతుల ఖాతాలు నిర్వహించాడో అన్న సంగతులే. మాంద్యంలో అప్లికేషన్లు కుప్పలుగా వస్తాయి. వాటిలో చదివేవాళ్ల కన్ను ఆగేది చేసిన పని దగ్గరే.

సర్కారు కొలువు సంగతి చెప్పకుండా వరంగల్‌లో ఉద్యోగాల గురించి రాయడం కుదరదు. నీళ్లు, నిధులు, నియామకాలు అని కొట్లాడి తెచ్చుకున్న రాష్ట్రమిది. ఆ ఆశను తప్పు పట్టడానికి నాకు మనసు రాదు. కానీ గ్రూప్-1 కథ చూడండి. 503 పోస్టులకు 2022 ఏప్రిల్‌లో నోటిఫికేషన్ ఇచ్చారు. పేపర్ లీకేజీతో ప్రిలిమ్స్ రద్దయింది. మళ్లీ పెట్టిన ప్రిలిమ్స్‌ను హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులకు కొత్త నోటిఫికేషన్ వచ్చింది. కోర్టు కేసుల మధ్య నియామక పత్రాలు అందేసరికి 2025 సెప్టెంబరు. మొత్తం మూడున్నరేళ్లు. ఎంపికైన ఐదొందల పైచిలుకు మందిని పక్కన పెడితే, మిగతా లక్షల మందికి ఆ మూడున్నరేళ్లు ఎవరు తిరిగిస్తారు?

అందుకే చదువుతూనే పని చేయమంటున్నాను. పొద్దంతా హాస్టల్ గదిలో, లైబ్రరీలో కూర్చున్నంత మాత్రాన అన్ని గంటలూ చదువు సాగదని చదివేవాళ్లకే బాగా తెలుసు. సగం రోజు పని, సగం రోజు చదువు సాధ్యమే. ఎన్ని నోటిఫికేషన్ల దాకా రాయాలో ఇంట్లోవాళ్లతో ముందే మాట్లాడుకుని ఒక గడువు పెట్టుకోవాలి. డబ్బులన్నీ అయిపోయాక తీసుకునే నిర్ణయం మంచిది కాదు, అప్పటికి చేతిలో ఏమీ ఉండదు. ఐటీఐ చేసినవాళ్లకు అప్రెంటిస్‌షిప్ ఉంది. రైల్వేలో లెవెల్-1 (కింది స్థాయి) పోస్టుల్లో 20 శాతం రైల్వేలోనే అప్రెంటిస్ పూర్తి చేసినవాళ్లకు ఉంటాయి. కాజీపేట లోకో షెడ్ల పక్కన పెరిగిన పిల్లల్లోనూ ఈ సంగతి తెలియనివాళ్లు ఉన్నారు.

జగిత్యాల, సిరిసిల్ల వైపు అయితే ఇక్కడ పని దొరక్కపోతే అందరి చూపూ గల్ఫ్ మీదికే పోతుంది. రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోదగ్గ ఫీజు 30 వేలు, దానిపై జీఎస్టీ. అంతకంటే ఎక్కువ అడిగినా, విజిట్ వీసా మీద పంపుతా, అక్కడికెళ్లాక మార్చుకోవచ్చు అన్నా అక్కడితో ఆగిపోవాలి. ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూసుకోవాలి. విదేశాల్లో ఉద్యోగాలు చూపించడానికి రాష్ట్ర ప్రభుత్వానికే టామ్‌కామ్ అనే సంస్థ ఉంది, ముందు అక్కడ అడగాలి.

ఇన్ని జాగ్రత్తలు పిల్లలకు చెబుతున్నప్పుడు ప్రభుత్వాన్నీ, కాలేజీలనూ అడగాల్సింది ఒకటుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు రాలేదని కాలేజీలు సర్టిఫికెట్లు ఆపుతున్నాయి. ఫీజు కట్టి తీసుకెళ్లమంటున్నాయి. చిన్న ఉద్యోగమైనా చేరేటప్పుడు ఒరిజినల్స్ చూపించమంటారు. వారంలో రమ్మన్న ఉద్యోగానికి చేరాలంటే ఇంట్లోవాళ్లు అప్పు తెచ్చి, తర్వాత సర్కారు ఇవ్వాల్సిన ఫీజును ముందు తామే కడుతున్నారు. విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు సంస్థలు తమ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. బకాయిల లెక్క కాలేజీలూ ప్రభుత్వమూ తేల్చుకోవాలి. ఆఫర్ లెటర్ చూపించిన విద్యార్థికి ఆ రోజే సర్టిఫికెట్లు ఇచ్చేలా ఉత్తర్వులు ఇచ్చి, వాటిని అమలు చేయించాలి.