దేవుడి ఇంటి నీటి బిల్లు ఎవరు కట్టాలి?

2012లో జెరూసలేంలోని హోలీ సెపల్కర్ చర్చి నీటి బిల్లు గొడవతో వార్తల్లోకెక్కింది. ఏసుక్రీస్తును సమాధి చేసిన చోటుగా కోట్లాదిమంది నమ్మే చర్చి అది. దాని మీద పేరుకుపోయిన బాకీ దాదాపు 90 లక్షల షెకెళ్లు (ఇజ్రాయెల్ కరెన్సీ). నీటి సరఫరా సంస్థ కోరడంతో, ఆ చర్చిని నిర్వహించే క్రైస్తవ శాఖల్లో ఒకటైన గ్రీక్ ఆర్థడాక్స్ పేట్రియార్కేట్ బ్యాంకు ఖాతా స్తంభించిపోయింది. జీతాలకు కూడా ఇబ్బంది వచ్చిందనీ, ఇలాగైతే తలుపులు మూసేస్తామనీ చర్చి పెద్దలు హెచ్చరించారు. తరతరాలుగా మమ్మల్ని ఎవరూ నీటికి డబ్బు అడగలేదన్నది వాళ్ల మాట. ఎవరికీ నీళ్లు ఊరికే ఇచ్చే అధికారం చట్టప్రకారం మాకు లేదన్నది సంస్థ మాట.

రెండువైపులా చెప్పింది నిజమే. చిక్కు అక్కడే ఉంది. పాతకాలం నుంచి నోటిమాట మీద సాగిపోయిన మర్యాదను, మీటరు పెట్టి లెక్కగట్టే కొత్త వ్యవస్థ బకాయి అంటుంది.

మందిరాలకు నీటి, కరెంటు బిల్లులు మాఫీ చేయాలా అన్న చర్చ ఎక్కడ మొదలైనా ఆస్తిపన్నునే ఉదాహరణగా చూపిస్తారు. ప్రార్థనా మందిరాలకు చాలా దేశాల్లో ఆస్తిపన్ను ఉండదు. న్యూయార్క్ ఇచ్చిన అలాంటి మినహాయింపును అమెరికా సుప్రీంకోర్టు 1970లో వాల్జ్ కేసులో సమర్థించింది కూడా. మరి నీళ్లకూ, డ్రైనేజీకీ అదే వర్తించాలి కదా అంటారు. వర్తించదనే నా అభిప్రాయం. పన్నుకూ, మనం పొందే సేవకూ నేరుగా లంకె ఉండదు. ఛార్జీకి ఉండి తీరాలి. భారత సుప్రీంకోర్టు 1954లో శిరూరు మఠం కేసులో చూసింది సరిగ్గా ఈ లంకెనే. మఠాల నుంచి మద్రాసు ప్రభుత్వం వసూలు చేసిన మొత్తానికీ, చేసిన సేవ ఖర్చుకూ పొంతన లేదు కాబట్టి అది పన్నే అవుతుంది, రుసుము కాదు అని తేల్చింది. ఆ తీర్పు మఠాలకు ఊరటనిచ్చింది. కానీ అదే తర్కాన్ని తిప్పి చూస్తే, నిజంగా వాడుకున్న నీటికి వేసే ఛార్జీని మతం పేరు చెప్పి తప్పించుకోవడం కష్టం.

ఎందుకంటే నీటిని శుద్ధి చేయాలి, పంపు చేయాలి, పగిలిన పైపులు మార్చాలి. ఒకరి బిల్లు సున్నా చేసినంత మాత్రాన ఈ ఖర్చు తగ్గదు. అది పక్కింటి బిల్లులో చేరుతుంది. ఆ పక్కింటాయన వేరే మతస్థుడు కావచ్చు, ఏ మతమూ లేనివాడు కావచ్చు. ప్రభుత్వం బడ్జెట్‌లో సాయం ప్రకటిస్తే కనీసం దాని మీద చర్చ జరుగుతుంది. బిల్లులో కలిపేసిన సాయం గురించి అడిగేవాడే ఉండడు.

అయితే మందిరాల వాళ్ల గోడును కొట్టిపారేయలేం. ఇంగ్లండ్‌లో వాన నీటి ఛార్జీ కథ చూడండి. భవనం పైకప్పు మీదా, పార్కింగ్ స్థలంలోనూ పడ్డ వాన మురుగు కాలువల్లోకి పోతుంది కాబట్టి దానికీ ఛార్జీ ఉంటుంది. వెయ్యి చదరపు మీటర్ల పైకప్పు మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 10,000 లీటర్ల నీరు. ఆ భారం మోసేది కాలువే కాబట్టి, భవనం విలువను బట్టి కాకుండా స్థలం విస్తీర్ణాన్ని బట్టి వసూలు చేయడమే న్యాయమని కొన్ని కంపెనీలు పద్ధతి మార్చాయి. లెక్క సరైనదే. కానీ పెద్ద కప్పు, చిన్న ఆదాయం ఉన్న చర్చిల బిల్లులు ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరిగాయి. స్కౌట్ బృందాలు, ఆటల క్లబ్బులదీ అదే పరిస్థితి. అందరూ కలిసి గొడవ చేశాక 2010 నాటి చట్టంలో రాయితీకి వీలు కల్పించారు. ఆ రాయితీ మతానికని కాదు, సామాజిక బృందాలకని ఇచ్చారు. నాకు ఇందులో నచ్చింది అదే. చర్చి ఆ వరసలో నిలబడింది, స్కౌట్‌ల పక్కన.

స్కాట్లండ్ ఇంకా సూటిగా వెళ్లింది. 2015లో సవరించిన పథకంలో ఏడాది ఆదాయం 2 లక్షల పౌండ్ల లోపున్న చారిటీలకు నీటి, మురుగు ఛార్జీలు పూర్తిగా తీసేసి, 3 లక్షల వరకు ఉన్నవాటికి సగం చేశారు. షికాగో నగరంలో ఏళ్లపాటు లాభాపేక్ష లేని సంస్థలకు నీళ్లు ఉచితంగా అందేవి. పెద్ద పెద్ద ఆసుపత్రులు, విశ్వవిద్యాలయాలు కూడా ఆ గొడుగు కిందే ఉండేవి. అప్పటి మేయర్ రామ్ ఇమాన్యుయేల్ దాన్ని ఎత్తేయబోతే చిన్న చర్చిలు లబోదిబోమన్నాయి. చివరికి 2013లో నికర ఆస్తులను బట్టి శ్లాబులు పెట్టారు. 10 లక్షల డాలర్ల లోపు ఉంటే ఉచితం, 25 కోట్లు దాటితే పూర్తి బిల్లు. అక్కడ కూడా ఎవరిని పూజిస్తున్నారన్న ప్రశ్న రాలేదు, ఎంత ఉందన్నదే వచ్చింది.

మతాన్నే కొలమానంగా పెడితే ఇంకో తలనొప్పి. ఏది మతమో, ఏది కాదో నీటి శాఖ గుమస్తా తేల్చాలి. కాగితాలన్నీ ఉన్న పెద్ద సంస్థకు మాఫీ దొరుకుతుంది, అద్దె గదిలో పదిమంది కూడే ప్రార్థనా బృందానికి దొరకదు. మందిరం పక్కనే అదే ట్రస్టుకున్న అతిథి గృహం సంగతేమిటి? 2018లో జెరూసలేంలో అదే చర్చి నిజంగానే మూడు రోజులు మూసేశారు. అప్పటి గొడవలో మునిసిపాలిటీ అడిగింది ప్రార్థన జరిగే భవనాలకు కాదు, చర్చిలకున్న వాణిజ్య ఆస్తుల మీద పన్ను.

పూర్తి ఉచితంతో వచ్చే నష్టం మరొకటి, చిన్నదిగా కనిపించేది. బిల్లు రాని చోట మీటరు చూసేవాళ్లు ఉండరు. టాయిలెట్ ట్యాంకు రాత్రంతా కారుతున్నా ఎవరికీ టెన్షన్ ఉండదు. రాయితీ ఇచ్చినా మీటరు తీయకూడదు, బిల్లు మీద అసలు మొత్తం, తగ్గించిన మొత్తం రెండూ కనిపించాలి.

కరెంటు విషయంలో మాత్రం మందిరాలు అడగాల్సింది అసలు మాఫీ కాదు. వారానికి కొన్ని గంటలే వాడే పెద్ద హాలును వాణిజ్య కేటగిరీలో వేస్తే, ఆ కొద్దిసేపు ఏసీలూ లైట్లూ అన్నీ ఒకేసారి నడిచినప్పుడు నమోదైన గరిష్ఠ లోడు మీద నెలంతటికీ డిమాండ్ ఛార్జీ పడుతుంది. యూనిట్లు తక్కువే, బిల్లు మాత్రం భారీ. ఆ వాడకం గ్రిడ్ మీద అసలే ఒత్తిడి లేని సమయంలో ఉంటే ఈ లెక్క అన్యాయమే. దీనికి ప్రత్యేక టారిఫ్ పెట్టొచ్చు. అదే టారిఫ్ ఫంక్షన్ హాలుకూ, నాటక మందిరానికీ, వారాంతంలోనే తెరిచే ఆటల హాలుకూ ఇవ్వాలి. వినియోగం తీరును బట్టి ధర మారుతుంది కాబట్టి దాన్ని దానం అనుకోనక్కర్లేదు, పక్కింటాయనకు సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు.