హైదరాబాద్‌లో కొత్తవారికి దారి చూపేదెవరు?

హైదరాబాద్ ప్రజా రవాణాను నిత్యం ఆఫీసుకు వెళ్లివచ్చే ఉద్యోగిని దృష్టిలో పెట్టుకుని తీర్చిదిద్దారే తప్ప, ఆసుపత్రికో, పరీక్షకో, వీసా పనికో ఒక్క పూట కోసం వచ్చేవారిని ఎవరూ లెక్కలోకి తీసుకున్నట్టు కనిపించదు. 2017 నవంబరులో మొదలైన మెట్రో మూడు మార్గాల్లో సుమారు 69 కిలోమీటర్ల మేర నడుస్తోంది. అమీర్‌పేటలో రైలు మారడం తొలిసారి వచ్చినవారికి కూడా పెద్ద కష్టమేమీ కాదు. చిక్కంతా స్టేషన్ మెట్లు దిగాకే.

విజయవాడ వైపు నుంచి రాత్రి బస్సెక్కినవారి సంగతే చూద్దాం. తెల్లవారుజామున నాలుగు, ఐదు గంటలకే చాలామంది ఎల్బీనగర్‌లో దిగుతారు. మెట్రో తొలి రైలు ఆరయితే గానీ కదలదు. ఆ మధ్య సమయమంతా ఆటోవాలాలదే. మీటరు ఊసే ఉండదు, చేతిలోని సంచులను బట్టీ మొహంలోని బెరుకును బట్టీ రేటు పలుకుతుంది. (బేరమాడటంలో ఆరితేరినవారు కూడా ఆ నిద్రమత్తులో ఏపాటి బేరమాడతారు?) సిటీ బస్సు ఎక్కుదామంటే, ఏ నంబరు ఎటు పోతుందో చెప్పే పట్టిక చాలా స్టాపుల్లో ఉండదు కాబట్టి పక్కవారిని అడుక్కోవాల్సిందే.

పైగా కొత్తవారికి ఎక్కువగా పనిపడే చోట్లకే మెట్రో చేరలేదు. శంషాబాద్ విమానాశ్రయం 2008లో మొదలైనా నేటికీ ఆర్టీసీ నడిపే పుష్పక్ బస్సో, క్యాబో దిక్కు. తొలి ప్రణాళిక ప్రకారం ఫలక్‌నుమా దాకా వెళ్లాల్సిన ఒక మార్గం 2020లో ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) వరకే ప్రారంభమైంది గనుక చార్మినార్ చూడవచ్చినవారు అక్కడ దిగి మూసీ దాటి వెళ్లాలి. అమెరికా కాన్సులేట్ 2023లో బేగంపేట నుంచి నానక్‌రామ్‌గూడకు తరలింది. మెట్రో మాత్రం రాయదుర్గంతో సరిపెట్టుకుంది.

కొత్త మార్గాలకు వేల కోట్లు కావాలి, ఏళ్లు పడతాయి. ఆ వాదన సహేతుకమే. కానీ దారి చెప్పడానికి అంత ఖర్చు అక్కర్లేదు. ఆర్టీసీ, మెట్రో, రైల్వే ఎవరి గేటు దాకా వారే బాధ్యులన్నట్టు వ్యవహరించడమే అసలు లోపమని నా అభిప్రాయం. ఉదాహరణకు, సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ పరిసరాల్లో ఈస్ట్, వెస్ట్ పేర్లతో రెండు మెట్రో స్టేషన్లు వేర్వేరు మార్గాల్లో ఉన్నాయి. అమీర్‌పేట, రాయదుర్గం వెళ్లేవారు ఈస్ట్‌కు, ఎంజీబీఎస్ వెళ్లేవారు వెస్ట్‌కు నడవాలని రైలు దిగినవారికి కనిపించేలా, బాణం గుర్తుతో సహా, ప్రతి ద్వారం దగ్గరా పెద్ద అక్షరాలతో రాయించే పనిని ఈ మూడు సంస్థలూ కలిసి ముందు మొదలుపెట్టవచ్చు.