గురుకులాల్లో కౌన్సెలర్ పోస్టుకు పద్దు ఏది?

విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న పదిహేడేళ్ల విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న ఇచ్చిన తీర్పును మనవాళ్లు ఎక్కువగా కార్పొరేట్ కళాశాలల వ్యవహారంగానే చూశారు. కానీ జస్టిస్ విక్రమ్‌నాథ్, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం జారీ చేసిన 15 మార్గదర్శకాలు ప్రభుత్వ పాఠశాలలకు, వసతి గృహాలకు కూడా అంతే గట్టిగా వర్తిస్తాయి. వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ అర్హత గల కౌన్సెలర్‌ గానీ, మనస్తత్వ నిపుణులు గానీ, సోషల్ వర్కర్ గానీ కనీసం ఒకరు ఉండాలన్నది అందులో ముఖ్యమైన ఆదేశం. తెలంగాణలో వెయ్యికి పైగా గురుకులాలు ఉన్నాయి. వాటిలో వంద మంది లోపు పిల్లలున్నది వెతికినా దొరకడం కష్టం. అంటే ఈ ఆదేశాన్ని పాటించాల్సిన యాజమాన్యాల్లో అతి పెద్దది రాష్ట్ర ప్రభుత్వమే.

గురుకులంలో చేరే పిల్లల సంగతి ఒక్కసారి ఆలోచించాలి. ప్రవేశ పరీక్ష రాసి అయిదో తరగతిలో చేరే నాటికి వారికి పదేళ్లు ఉంటాయి. ఒక ట్రంకు పెట్టె, రెండు జతల యూనిఫాం, ఒక దుప్పటితో వచ్చి, పేరు కూడా తెలియని పిల్లల మధ్య ఆ రాత్రి పడుకుంటారు. కూలి పని మానుకుని వచ్చిన తల్లిదండ్రులు ఆదివారం నాడు క్యారియర్ విప్పి చెట్టు కింద అన్నం తినిపించి వెళ్లాక, మళ్లీ వాళ్లు వచ్చేదాకా ఆ పిల్లలకు రాష్ట్రమే తల్లీ తండ్రీ. పగటి బడికి వెళ్లే పిల్లలు మనసు బాగోకపోతే సాయంత్రం ఇంటికి చేరుకుంటారు, అమ్మ ఒళ్లో తల పెట్టుకుంటారు. గురుకులం పిల్లలకు ఆ సాయంత్రం లేదు. అందుకే వీరి విషయంలో ప్రభుత్వ బాధ్యత మిగతా బడుల కంటే ఎక్కువ.

ఇప్పుడున్న ఏర్పాట్లు ఆ బాధ్యతకు ఏ మాత్రం సరితూగవు. ఫోన్‌లో మానసిక ఆరోగ్య సలహా ఇచ్చేందుకు 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ మంచి పథకమే. కేంద్రం 2024-25 బడ్జెట్‌లో దానికి రూ. 90 కోట్లు కేటాయించింది. దాని ఫోన్ నంబరు 14416ను హాస్టళ్లలోనూ తరగతి గదుల్లోనూ అందరికీ కనిపించేలా రాయాలని సుప్రీంకోర్టు కూడా చెప్పింది. పదిహేను ఆదేశాల్లో డబ్బా రంగుతో పూర్తయ్యేది అదొక్కటే. అయితే సెల్‌ఫోన్ దగ్గర ఉంచుకోనివ్వని చోట, ఇంటికి ఫోన్ చేయాలన్నా వరుసలో నిలబడాల్సిన చోట, వెనుక పదిమంది వింటుండగా ఏ పిల్ల తన మనసులోని మాట చెప్పగలదు?

రెండో ఏర్పాటు ఉపాధ్యాయులు. ఆయుష్మాన్ భారత్ పాఠశాల ఆరోగ్య కార్యక్రమం 2020 నుంచి బడికి ఇద్దరు టీచర్లను ఆరోగ్య రాయబారులుగా గుర్తించి శిక్షణ ఇమ్మంటోంది. ఇది ఎంతవరకు పనిచేస్తుందో ఊహించనక్కర్లేదు, బీహార్ చేసి చూపించింది. నలందా జిల్లాలోని 74 ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో 'సెహర్' పేరుతో జరిగిన అధ్యయనం 2018లో లాన్సెట్ పత్రికలో వెలువడింది. కొన్ని బడుల్లో ఆ పని కోసమే స్థానికుడొకరిని తీసుకుని శిక్షణ ఇచ్చారు, కొన్నింటిలో అదే పనిని ఉన్న ఉపాధ్యాయుడికి అప్పగించారు, మిగతా వాటిలో పాత పద్ధతినే ఉంచారు. కౌన్సెలర్ ఉన్న బడుల్లో పిల్లలు చీటీలు వేసే పెట్టె ఉండేది, గోడపత్రిక ఉండేది, విడిగా కూర్చుని మాట్లాడే వేళ ఉండేది. అక్కడ బడి వాతావరణం మెరుగైంది, పిల్లల్లో కుంగుబాటు లక్షణాలు తగ్గాయి, తోటివారిని వేధించడం తగ్గింది. టీచరుకు అప్పగించిన బడులకూ, ఏమీ చేయని బడులకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

పని ఒకటే, చేసే మనిషి మారితే ఫలితం మారింది. కారణం మన టీచర్లకు తెలియనిది కాదు. మార్కులు వేసేవారు, అల్లరి చేస్తే ప్రిన్సిపాల్‌ దగ్గర నిలబెట్టేవారు, రాత్రి స్టడీ అవర్‌లో కునికితే లేపేవారు ఎంత దయగలవారైనా పిల్లలు తమ భయాన్ని వారికి చెప్పుకోలేరు.

అంతమంది నిపుణులు ఎక్కడ దొరుకుతారని, కలుషితాహారంతో పిల్లలు ఆసుపత్రుల పాలవుతుంటే ముందు అన్నం సంగతి చూడరా అని అడిగేవారున్నారు. నిపుణుల కొరత నిజమే. కానీ నలందాలో ఆ పని చేసింది శిక్షణ పొందిన స్థానికులే, వైద్యులు కారు. మన జిల్లాల్లో సోషల్ వర్క్, సైకాలజీ చదివి ఉద్యోగం లేక ఉన్నవారు తక్కువేమీ లేరు. అన్నం సంగతికి వస్తే, అదే నా వాదనకు బలం. 2024లో తెలంగాణ ప్రభుత్వం 3 నుంచి 7 తరగతుల పిల్లలకు నెలవారీ డైట్ చార్జీలను రూ. 950 నుంచి రూ. 1,330కి పెంచింది. అన్నానికి బడ్జెట్‌లో ఒక పద్దు ఉంది కనుకే ఏళ్ల తరబడి అందరూ అది చాలదని అడగగలిగారు, చివరికి ప్రభుత్వం పెంచక తప్పలేదు. పద్దే లేనిదాన్ని పెంచమని ఎవరు అడుగుతారు?

లెక్క కూడా పెద్దది కాదు. నెలకు రూ. 40 వేల జీతంతో వెయ్యి మందిని నియమిస్తే ఏడాదికి రూ. 48 కోట్లు అవుతుంది. తెలంగాణ 2025-26 బడ్జెట్ రూ. 3,04,965 కోట్లు. ప్రతి వంద రూపాయల్లో సుమారు ఒకటిన్నర పైసలు.

అసలు అడ్డంకి డబ్బు కాదు. పోస్టు మంజూరు చేయకుండా పని మాత్రం జరిపించుకోవాలన్న అలవాటు మన పాలనలో వేళ్లూనుకుంది. ఓటర్ల జాబితా, సర్వేలు, యాప్‌లో ఫొటోలు, మధ్యాహ్న భోజనం లెక్కలు అన్నీ 'అదనపు బాధ్యత' కిందే టీచరు మీద పడతాయి. ఊళ్లో ఏ కొత్త పథకం వచ్చినా ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు మోయాల్సిందే. అదనపు బాధ్యతగా అప్పగించిన పని కాగితం మీద ఎప్పుడూ నూరు శాతం పూర్తవుతుంది. అది జరగలేదని నిలదీయడానికి మనిషంటూ ఉండరు, ఖాళీగా చూపడానికి కుర్చీ కూడా ఉండదు. మంజూరైన పోస్టు ఖాళీగా ఉంటే కనీసం ఆ ఖాళీ గురించి శాసనసభలో ప్రశ్న వేయవచ్చు, న్యాయస్థానానికి వెళ్లవచ్చు. మన సంక్షేమ రాజ్యంలో సగం వైఫల్యాలు ఈ లెక్కకు దొరకని చోటే దాక్కున్నాయి.

కనుక రానున్న బడ్జెట్‌లో గురుకుల సొసైటీల గ్రాంట్ల కింద కౌన్సెలర్ల జీతాలకు ప్రత్యేక పద్దు తెరవాలి. నియామకం ఏజెన్సీల ద్వారా ఏడాది కాంట్రాక్టు మీద కాకూడదు, ఎందుకంటే ఏటా మారే మనిషికి ఏ పిల్లలూ మనసు విప్పరు. ఆ కౌన్సెలర్‌కు రాత్రి డ్యూటీ, మెస్ డ్యూటీ, పరీక్షల ఇన్విజిలేషన్ వేయకూడదని ఉత్తర్వులోనే రాయాలి. తన చేతిలో లేని కేసులను పంపడానికి జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలోని వైద్యుడితో నెలనెలా సమీక్ష ఉండాలి. తలుపు వేసుకుని మాట్లాడుకోవడానికి ఒక చిన్న గదిని ప్రతి గురుకులంలో కేటాయించాలి.