ఫేస్ టు ఫేస్: నల్లగొండ అర్థం

ఇంగ్లీషులో 'ఫేస్ టు ఫేస్' అని ఒక మాట ఉంది. ఇద్దరు మనుషులు ఫోనూ ఉత్తరమూ అడ్డం లేకుండా ఎదురెదురుగా కలుసుకుంటే అలా అంటారట. 'కలిశాం' అనే మాట పక్కన వస్తే ఉత్తగా రాయాలి, 'మీటింగ్' ముందు వస్తే మధ్యలో రెండు చిన్న గీతలు పెట్టాలని వ్యాకరణం చెప్తుంది. ఆ గీతలు దేనికో నాకు చాలాకాలం అంతుపట్టలేదు. మొన్న సోమవారం నల్లగొండలో ఒక ఆఫీసుకు అర్జీ పట్టుకుని పోయాక తెలిసింది. ఒక గీత అటెండరు, రెండో గీత టేబులు.

సారు మొఖం కనబడలేదు. వంచిన తల వంచినట్టే సంతకాలు పెడుతున్నారు కాబట్టి నడినెత్తి కనబడింది. "సారూ, పాస్‌బుక్కుల ఎకరం తక్వ పడ్డది" అన్నాను. నడినెత్తి "చూద్దాం" అంది. ఫ్రెంచి వాళ్లు ఏకాంత సంభాషణను 'తేత్ ఆ తేత్' అంటారు, అంటే తలకు తల. వాళ్లూ పట్టా పని మీద తిరిగినవాళ్లే అయి ఉంటారు.

('ఎన్‌కౌంటర్' అనే మాట జోలికి మాత్రం పోకండి. ఇంగ్లీషులో దానర్థం ఎదురుపడటమే. మన దగ్గర అలా ఎదురుపడినవాళ్లు ఇంటికి రారు.)

తెలుగులో ముఖాముఖి అనే చక్కని మాట ఉండేది. దాన్ని పత్రికల వాళ్లు ఎన్నికలకు రాసిచ్చేశారు. ఇద్దరి మధ్యే పోరు అయితే ముఖాముఖి పోటీ, ముగ్గురైతే త్రిముఖ పోటీ. ఆ ముఖాముఖి ఇద్దరూ పెండ్లి పందిట్లో తగిలితే చెరోవైపు మొఖం తిప్పుకుంటారు, అది వేరే సంగతి.

అసలు మొఖాలు కలిస్తే పనవుతుందన్న నమ్మకమే నాకు లేదు. పాలమూరులో ఉన్న మా బావ నాకు ఇరవై వేలు బాకీ. ఫోనులో నేను పులిని. "ఇట్ల కాదు, ఫేస్ టు ఫేస్ తేల్చుకుందాం" అని దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల దాటి, రెండు బస్సులు మారి పోయాను. బావ గడపలోనే "ఏం రా బామ్మర్దీ, చిక్కినవ్?" అన్నాడు. "ఏం లే బావా, ఊకె చూసిపోదామని వచ్చిన" అన్నాను. మొహమాటం అనే మాటలో మొహం ఊరికే కూర్చోలేదు. కోడికూర తిని, బస్సు చార్జీలు కూడా నష్టపోయి తిరిగొచ్చాను.

మా నల్లగొండ జిల్లా మొహమాటపడకుండా మొఖం చూపించింది ఒక్కసారే, 1996 లోక్‌సభ ఎన్నికల్లో. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంకరపోతున్న జిల్లాను ఎవరూ తల ఎత్తి చూడటం లేదని, ఒక్క నల్లగొండ సీటుకే 480 మంది పోటీలో నిలబడ్డారు. బ్యాలెట్ కాగితం పుస్తకమైంది. పోలింగ్ వాయిదా పడింది. త్రిముఖం దాటితే బహుముఖం అని సరిపెట్టుకునే పత్రికలకు 480 ముఖాల పోటీని ఏమనాలో తోచి ఉండదు. ప్రభుత్వానికి మాత్రం వెంటనే తోచింది. అదే ఏడాది చట్టం సవరించి, లోక్‌సభ అభ్యర్థి కట్టాల్సిన డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000కు పెంచారు.